అడవిలో తెల్ల పుట్టగొడుగును గుర్తుపట్టడం: వేరు నుంచి మొదలుపెట్టండి

మృగశిర కార్తె దాటి నాలుగు మంచి వానలు పడ్డాక, ఉరుములు ఆగిన మర్నాడు పొద్దున చూడాలి. నల్లమలలో, మన్యంలో, ఆదిలాబాద్ అడవుల్లో నేల మీద తెల్ల గొడుగులు లేచి ఉంటాయి. ఏజెన్సీ సంతల్లో ఆకుల మీద కుప్పలు పోసి అమ్ముతారు. ఆ రుచి మరిగినవాళ్లకి ఫారంలో పెంచిన బటన్ పుట్టగొడుగు చప్పగా ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే. తెలుపు, గొడుగు ఆకారం, వానాకాలం, నేల మీద మొలవడం అనే నాలుగు గుర్తులూ ఆ మంచి జాతికి ఎంత సరిపోతాయో, లివర్‌ను పాడుచేసి ప్రాణం తీసే జాతికీ అంతే సరిపోతాయి.

విషం ఉందో లేదో ఇంట్లో తేల్చే పరీక్ష అంటూ ఏదీ లేదు. కూరలో వెండి ఉంగరం వేస్తే నల్లబడుతుందనీ, వెల్లుల్లి రంగు మారుతుందనీ, బియ్యం ఎర్రబడతాయనీ, పురుగు తొలిచిందయితే మనమూ తినొచ్చనీ, పసుపూ ఉప్పూ వేసి మరిగిస్తే విషం దిగిపోతుందనీ చెప్పుకునేవన్నీ ఉత్తమాటలే. అమనీటా అనే పుట్టగొడుగుల వర్గంలో ప్రాణం తీసే జాతులున్నాయి; వాటిలో ఉండే అమటాక్సిన్ అనే విషం వెండిని ఏమీ చేయదు. ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా ఆ విషం పోదు. నత్తలూ పురుగులూ వాటిని హాయిగా తింటాయి. రుచి బాగానే ఉందని తిని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు కూడా. అందుకే ‘ఇది తినొచ్చా’ అని కాదు, ‘ఇది ఏ జాతి’ అని అడగాలి. జాతి తేలితే తినొచ్చో లేదో దానంతటదే తేలుతుంది. తేలకపోతే తినే మాటే లేదు.

ఇక్కడ ఒక్క వర్గం గురించే వివరంగా చెబుతాను: చెదపుట్టల్లో లేచే అసలు పుట్టగొడుగు, శాస్త్రవేత్తలు టెర్మిటోమైసిస్ అని పిలిచేది. మిగతా తెల్లవాటి గురించి, దీనితో పొరబడే అవకాశం ఉన్నంతవరకే. పది జాతులు పైపైన తెలిసినవాడికన్నా ఒక్కటి నిలువునా తెలిసినవాడే అడవిలో క్షేమంగా ఉంటాడని నా నమ్మకం.

ముందు దాని పుట్టుక తెలుసుకోండి

చెదల్లో ఒక వర్గం సేద్యం చేస్తుంది. ఎండుటాకు, పుల్ల, గడ్డి నమిలి, విసర్జించి, దానితో పుట్ట లోపలి గదుల్లో రంధ్రాలున్న మెత్తని దిమ్మలు కడతాయి. ఆ దిమ్మల మీద ఈ శిలీంధ్రం పెరుగుతుంది. చెదలకు అరగని కలపను అది విడగొట్టి పెడితే, చెదలు దాన్నీ ఆ దిమ్మనూ తిని బతుకుతాయి. దాదాపు 3 కోట్ల ఏళ్లుగా సాగుతున్న పంట ఇది. మన వైపు నిలువెత్తు మట్టిపుట్టలు కట్టే ఓడోంటోటెర్మిస్ ఒబీసస్ అనే చెద ఈ వర్గంలోదే. నేల బాగా తడిశాక దిమ్మ నుంచి మొలక బయల్దేరి, మట్టిని చీల్చుకుంటూ పైకొచ్చి గొడుగు విప్పుతుంది. చెదలు లేకుండా దీన్ని వ్యాపార స్థాయిలో పండించడం ఇంకా కుదరలేదు, అందుకే ఏడాదంతా బజార్లో దొరకదు. ఈ పుట్టగొడుగుల ప్రజాతికి (దగ్గరి జాతులన్నీ కలిసిన వర్గానికి) రోజే హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1942లో పేరు పెట్టాడు. ఇందులోనే ఒక జాతి ఆఫ్రికాలోని జాంబియాలో మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. మన జాతులు అరచేతికి కాస్త అటూ ఇటూ ఉంటాయి, గోరంత ఉండేవీ ఉన్నాయి.

ఇదంతా చెప్పడానికి కారణముంది. మనం వెతకబోయే గుర్తులు ఈ పుట్టుకలోంచే వచ్చాయి. లోతు నుంచి రావాలి కాబట్టి పొడవాటి వేరు. మట్టిని చీల్చాలి కాబట్టి టోపీ నడుమ గట్టి మొన. దిమ్మ నుంచి పుడుతుంది కాబట్టి తవ్వితే అడుగున ఆ దిమ్మ.

బయల్దేరే ముందు

చిన్న పలుగు లేదా బొరిగె, చాకు, స్కేలు, కాగితపు సంచులు, ఒక కర్ర, ఫోను. ప్లాస్టిక్ కవరు వద్దు. పుట్టగొడుగు అందులో చెమర్చి కొన్ని గంటల్లోనే కుళ్లుతుంది. కుళ్లితే మంచి జాతి కూడా వాంతులు తెప్పిస్తుంది. ఒక్కోచోట దొరికినవి ఒక్కో సంచిలో విడిగా పెట్టండి. మంచివాటి మధ్య ఒక్క చెడ్డది చేరినా కూరంతా పాడే.

కర్ర పాముల కోసం. పుట్ట అంటేనే పాము అని మనకు చెప్పనక్కర్లేదు కదా. పాడుబడ్డ పుట్టల కన్నాల్లో నాగుపాములు చేరతాయి, వానలకు బయటికీ వస్తాయి. కన్నంలో చెయ్యి పెట్టకండి, బూట్లు లేకుండా వెళ్లకండి. అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్-శ్రీశైలం లాంటి పులుల అభయారణ్యాల్లో ఏదీ కోయకండి, తవ్వకండి. ఫొటోతో సరిపెట్టుకోండి. అక్కడి గిరిజనులకు అటవీ ఉత్పత్తుల మీద 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కు వేరు, సరదాగా వెళ్లిన మనకు ఆ హక్కు లేదు.

మొదటి ఏడాది ఒంటరిగా వెళ్లొద్దు. చెంచులో, కోయలో, గోండులో, ఆ కొండ మీద పుట్టి పెరిగిన మనిషి వెంట నడవండి. ఆ మనిషి ఏది కోస్తున్నాడో మనం ఎలాగూ చూస్తాం. అంతకన్నా, ఏది చూసి కూడా దాటిపోతున్నాడో గమనించండి.

దూరం నుంచే చూడాల్సినవి

కనబడగానే పీకడమే అందరూ చేసే పని. ఆగండి. ముందు నాలుగడుగుల దూరంలో నిలబడి చుట్టూ చూడండి. పుట్ట ఉందా? పుట్ట పైకి కనబడకపోయినా, నేలలోనే గూడు కట్టే చెదలున్నాయి కాబట్టి దారుల్లో చెదమట్టి గీతలు, మట్టి పూసిన పుల్లలు కనబడతాయేమో చూడండి. దగ్గర్లో ఏ చెట్లున్నాయి? గొడుగు లేచింది మట్టిలోంచా, కుళ్లిన మొద్దు మీదా, పేడ మీదా, పచ్చిక మీదా? ఒంటరిగా ఉందా, గుంపుగానా, వలయంలా గుండ్రంగానా? ఈ జవాబులన్నీ ఫోనులో ఫొటోలుగా దాచుకోండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పరిసరాలతో కలిపి ఒకటి. ఇంటికి తెచ్చాక ఈ సమాచారం ఇక దొరకదు.

పుట్ట మీద మొలిచిందల్లా పుట్టగొడుగే అనుకోవద్దు. రాయలసీమలాంటి పొడి నేలల్లో పుట్టల మీద పోడాక్సిస్ అనే మరొక శిలీంధ్రం లేస్తుంది. అదీ తెల్లగానే ఉంటుంది, కానీ దాని టోపీ ఎప్పటికీ గొడుగులా విప్పుకోదు. చీలిస్తే మొప్పల (టోపీ కింద వరుసగా ఉండే పల్చటి రేకుల) బదులు లోపల పొడి ఉంటుంది, ముదిరేకొద్దీ నల్లబడుతుంది. చెదలు చచ్చిపోయిన పుట్టల నుంచి నల్లటి వేళ్లలాంటివి కూడా లేస్తాయి, వాటితో మనకు పనిలేదు.

తవ్వడం: అసలు పరీక్ష ఇక్కడే

గుర్తుపట్టడంలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. కాడ పట్టుకుని లాగితే నేలమట్టానికి తెగి చేతికొస్తుంది, సాక్ష్యం మట్టిలోనే ఉండిపోతుంది. కాడకు బెత్తెడు దూరంలో బొరిగె దించి, పక్కనుంచి మట్టి తీస్తూ కాడ వెంట కిందికి వెళ్లండి. గుంపులో ఒక్కదానికి ఇలా తవ్వి చూస్తే చాలు. అన్నింటి కిందా తవ్వితే చెదల గూడు పాడవుతుంది. గూడు బాగుంటే వచ్చే ఏడు కూడా అక్కడే లేస్తాయి.

టెర్మిటోమైసిస్ అయితే కాడ నేలలోకి దిగాక ఆగదు. క్రమంగా సన్నబడుతూ వేరులా కిందికి పోతుంది. కొన్నిచోట్ల జానెడు, కొన్నిచోట్ల మూరెడు, గూడు లోతుగా ఉంటే ఇంకా ఎక్కువ. మట్టిలో ఉన్న భాగం కొన్ని జాతుల్లో గోధుమ, నలుపు రంగుకు తిరుగుతుంది. ఓపిగ్గా దాని వెంట వెళ్తే చెదల గదిలోకి చేరతారు. లోపల బూడిద, గోధుమ రంగుల్లో గుల్లగా, ముడతలు ముడతలుగా ఉన్న దిమ్మ, దాని మీద సగ్గుబియ్యంలా తెల్లటి చిన్న చిన్న ఉండలు, చుట్టూ కంగారుగా పరిగెత్తే చెదలు. ఈ దిమ్మకు వేరు అతుక్కుని ఉండటం కళ్లతో చూస్తే, ఇంతకన్నా గట్టి గుర్తు మరొకటి లేదు.

తవ్వితే మరోరకంగా కూడా తేలొచ్చు. వేరు బదులు కాడ అడుగున ఉబ్బిన గడ్డ, దాని చుట్టూ చిరిగిన తెల్లటి పొర సంచిలా కనబడిందనుకోండి. ముట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు, కానీ అక్కడితో ఆపేయండి. ఆ సంచి అమనీటా లక్షణం. లాగి పీకినవాళ్లకు ఎప్పటికీ కనబడనిది అదే. సంచి మట్టిలో ఉండిపోతుంది, చేతిలో అందమైన తెల్ల గొడుగు మిగులుతుంది.

మరో తికమక కూడా ఉంది. పొడవాటి వేరున్న పుట్టగొడుగులు ఇవొక్కటే కాదు. హైమెనోపెల్లిస్ అనే వర్గానికీ లోతైన వేరుంటుంది, కానీ అది మట్టిలో పూడిన కలపకు చేరుతుంది. దాని టోపీ తడిగా ఉన్నప్పుడు జారుతుంది, మొప్పలు ఎడంగా, కాడకు అంటుకుని ఉంటాయి. అందుకే వేరు ఉంది అనుకుని ఆగిపోకుండా, వేరు ఎక్కడికి చేరిందో చూడాలి.

టోపీ, కాడ, మొప్పలు

టోపీ నడుమ వేలితో తడిమి చూడండి. మట్టిని చీల్చిన ఆ మొన కాస్త గట్టిగా, చుట్టూ ఉన్న భాగం కన్నా ముదురు రంగులో, గోధుమ, బూడిద ఛాయలో ఉంటుంది. కొన్ని జాతుల్లో సూదిగా, కొన్నింటిలో మొద్దుగా ఉంటుంది. మిగతా టోపీ తెలుపు, మీగడ రంగు, లేత బూడిద. పూర్తిగా విప్పుకున్నాక అంచులు చీలికలు చీలికలవుతాయి. టోపీ మీద చేత్తో రాలిపోయే తెల్లటి పెచ్చులు అతుక్కుని ఉంటే అనుమానించండి. అమనీటా పిల్లగా ఉన్నప్పుడు కప్పిన పొర తాలూకు ముక్కలు కావచ్చు. వానకు కొట్టుకుపోతాయి కాబట్టి, లేకపోయినంత మాత్రాన మంచిదని కాదు.

ఉంగరం సంగతి కాస్త జాగ్రత్త. కాడ చుట్టూ ఉంగరంలాంటి పొర ఉంటే విషం అనే మాట విన్నాను, అది నిజం కాదు. టెర్మిటోమైసిస్‌లో కొన్ని జాతులకు ఉంగరం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఉంగరం ఒక్కదాన్ని బట్టి ఏదీ తేల్చకండి.

మొప్పలు చూడాలంటే గొడుగును నిలువునా రెండుగా చీల్చండి. టెర్మిటోమైసిస్ మొప్పలు దగ్గరదగ్గరగా, కాడను తాకకుండా విడిగా ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు తెలుపు, ముదిరితే లేత గులాబీ. ఆకుపచ్చ ఛాయ ఏ కాస్త కనబడినా వదిలేయండి.

నేల మీద గుడ్డులా మూసుకున్నవి దొరికితే వాటినీ నిలువుగా కోసి చూడండి. లోపలంతా ఒకే తెల్లటి ముద్దగా ఉంటే అది వేరే రకం. చిన్న గొడుగు బొమ్మ గీసినట్టు టోపీ, కాడ కనబడితే అది ఇంకా విచ్చని పుట్టగొడుగు, అమనీటా కూడా కావచ్చు. విచ్చకముందు ఏ జాతినీ తినడానికి కోయకండి.

స్పోర్ ప్రింట్ తీయడం

మొప్పల మధ్య నుంచి రాలే, విత్తనాల్లాంటి సిద్ధబీజాల పొడి రంగు చూడటమే స్పోర్ ప్రింట్. మైక్రోస్కోపు అక్కర్లేదు, ఒక రాత్రి ఓపిక చాలు. మొప్పల రంగు కంటిని మోసం చేయొచ్చు, పొడి రంగుతో ఆ చిక్కు తక్కువ.

బాగా విప్పుకున్న ఒక టోపీని ఎంచుకోండి. కాడను టోపీ దగ్గర పూర్తిగా కోసేయండి. సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం కావాలి. తెల్ల కాగితం పక్కన నల్లటి చార్టు ముక్క అతికిస్తే సరి. మొప్పలు కింద ఉండేలా, సగం తెలుపు మీద, సగం నలుపు మీద పడేలా టోపీని బోర్లించండి. మొత్తం తెల్ల కాగితమే అయితే తెల్ల పొడి కనబడదు, పొడి రాలలేదనుకుని పొరబడతారు. ఆరిపోకుండా టోపీ మీద ఒక చుక్క నీళ్లు వేసి, గాలి తగలకుండా పైన స్టీలు గిన్నె బోర్లించండి. నాలుగైదు గంటల్లో మొదలవుతుంది, తెల్లారేసరికి మొప్పల గీతలు గీతలుగా ముద్ర పడి ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుతురులో చూడండి.

మీగడ గులాబీ నుంచి లేత గులాబీ వరకు ఉంటే టెర్మిటోమైసిస్‌కు సరిపోతుంది. ఆకుపచ్చగా ఉంటే క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ అనే విషపు జాతి. తెల్లగా ఉంటే అమనీటా, లేదా విషపు జాతులున్న లెపియోటా అనే మరో వర్గం లాంటివి కావచ్చు, పారేయండి. గులాబీ రాగానే సంబరపడొద్దు. ఎంటొలోమా అనే విషపు వర్గం పొడి కూడా గులాబీయే, అయితే దాని మొప్పలు కాడకు అంటుకుని ఉంటాయి, చెదల దిమ్మతో సంబంధం ఉండదు. వేరు, దిమ్మ, మొన, కాడను తాకని మొప్పలు, గులాబీ పొడి, ఈ ఐదూ కలిస్తేనే లెక్క. నాలుగు వచ్చి ఒకటి రాకపోతే ఆ సంచి అక్కడే వదిలేయండి.

ఎక్కువగా మోసం చేసేవి

మన ఊళ్లలో ముందు చెప్పుకోవాల్సింది క్లోరోఫిల్లం. వానలు పడగానే పార్కుల్లో, స్కూలు గ్రౌండుల్లో, గట్ల మీద, ఒక్కోసారి వలయంగా లేచే పెద్ద తెల్ల గొడుగులు ఇవే. టోపీ 10 నుంచి 30 సెంటీమీటర్లు, నడుమ గోధుమరంగు పెచ్చులు, కాడ మీద పైకీ కిందికీ జరిపితే జరిగే ఉంగరం. లేతప్పుడు మొప్పలు తెల్లగానే ఉంటాయి, ఆకుపచ్చదనం ముదిరాకే వస్తుంది. అందుకే లేతవి కోసుకున్నవాళ్లు మోసపోతారు. తిన్న కొద్ది గంటల్లోనే తీవ్రంగా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

వరిగడ్డి పుట్టగొడుగు మంచిదే. కోస్తాలో గడ్డివాముల దగ్గర వానాకాలంలో దానంతటదే లేస్తుంది, సాగు కూడా చేస్తారు. దానికీ కింద సంచి ఉంటుంది, పొడి గులాబీ, ఉంగరం ఉండదు. టోపీ బూడిద నుంచి ముదురు గోధుమ. సంచి ఉందంటే ఖచ్చితంగా విషం అని చెప్పలేకపోవడానికి కారణం ఇదే. ఈ పోలికే ఎంతోమంది ప్రాణం మీదికి తెచ్చింది. కాలిఫోర్నియాకు వలస వెళ్లిన ఆగ్నేయాసియా కుటుంబాలు అక్కడి ఓక్ చెట్ల కింద దొరికిన అమనీటా ఫాలాయిడిస్‌ను తమ ఊరి గడ్డి పుట్టగొడుగే అనుకుని వండుకున్న సంఘటనలు ఉన్నాయి. ఆ జాతి యూరప్ నుంచి చెట్ల వేళ్లతో పాటు అక్కడికి చేరింది. బే ఏరియాలో వారాంతాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లే మన తెలుగువాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది. నల్లమలలో నేర్చుకున్న కన్ను ఓక్ చెట్ల కింద పనిచేయదు.

అమనీటా జాతుల్లో చాలావరకు చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి. ఓక్, పైన్, సాల వృక్షాలు ఉన్నచోట ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు.

చిన్నవాటి మాట కూడా చెప్పాలి. గోరంత టోపీలతో వందలకొద్దీ ఒకేచోట పరుచుకుని లేచే టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ మంచి జాతే, చాలాచోట్ల ఇష్టంగా తింటారు. దానికి పైన చెప్పిన తవ్వుడు పరీక్ష సరిగ్గా పనిచేయదు. చెదలు దిమ్మ ముక్కల్ని నేల పైకి తెచ్చి పడేస్తే వాటి నుంచి లేస్తుంది కాబట్టి పొడవాటి వేరు ఉండదు. అదే సైజులో, అదే తెలుపులో అమటాక్సిన్ ఉన్న లెపియోటాలు ఉన్నాయి. కొత్తవాళ్లు చిన్న తెల్లవాటి జోలికి వెళ్లకపోవడమే నా సలహా.

ఫోను యాప్‌ల గురించి అడుగుతారు. పైనుంచి తీసిన ఫొటోలో టోపీ ఒక్కటే కనబడుతుంది. అడుగున సంచి ఉందో, దిమ్మ ఉందో యాప్‌కు తెలిసే దారి లేదు. పేరు వెతుక్కోవడానికి వాడుకోండి, వంట నిర్ణయానికి వద్దు.

వండేటప్పుడు, తేడా చేసినప్పుడు

అన్ని గుర్తులూ కలిసినా మొదటిసారి కొంచెమే, బాగా ఉడికించి, పెద్దవాళ్లు మాత్రమే తినండి. ఒక పచ్చి పుట్టగొడుగును, కాడ అడుగుతో సహా, కాగితంలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో పక్కన ఉంచండి. తేడా చేస్తే డాక్టరుకు చూపించడానికి.

తిన్న రెండు మూడు గంటల్లో వాంతులైతే చాలాసార్లు కడుపుకు సంబంధించిన విషమే, అయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. తిన్న ఆరు గంటలు దాటాక, ఒక్కోసారి మర్నాడు మొదలైతే అంతకన్నా ప్రమాదం, అమటాక్సిన్ పద్ధతి అది. అందులో ఒక మాయ ఉంది. ఒకరోజు వాంతులు, విరేచనాలు అయ్యాక తగ్గినట్టే అనిపిస్తుంది, మనిషి లేచి తిరుగుతాడు. ఆ సమయంలోనే లోపల లివర్ దెబ్బతింటూ ఉంటుంది. చింతపండు పులుసు, ఉప్పునీళ్లు, పాలు అంటూ ఇంట్లో కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. మిగిలిన కూర, ఫ్రిజ్‌లో దాచిన ముక్క, అడవిలో తీసిన ఫొటోలు తీసుకెళ్లి, ఎన్ని గంటలకు తిన్నారో, ఎన్ని గంటలకు మొదటి వాంతి అయిందో డాక్టరుకు చెప్పండి. అదే కూర తిన్న మిగతావాళ్లను కూడా, వాళ్లకు ఏమీ అనిపించకపోయినా, వెంట తీసుకెళ్లండి.